ట్రాంబోన్ వరసలో ఖాళీ

కెమిస్ట్రీ రెండోసారి తప్పగానే కాలేజీ మానేద్దామని తీర్మానించుకున్నాను. మాంట్‌గమరీ ఊళ్లో మావయ్య టైర్ల షాపులో పని ఉండనే ఉంది. ఎవరికీ చెప్పకుండా పది రోజులు గదిలోంచి కదల్లేదు. మా కాలేజీ కవాతు బ్యాండ్‌లో ట్రాంబోన్ అనే పొడవాటి ఇత్తడి బాకా వాయించేవాళ్లం పద్దెనిమిది మందిమి. ఒకడు పోతే వెయిటింగ్ లిస్టులోంచి ఇంకొకడు వచ్చి నిలబడతాడు, నన్నెవరు పట్టించుకుంటారు అనుకున్నాను.

పదకొండో రోజు యూనిఫాం తిరిగి ఇచ్చేద్దామని మైదానానికి వెళ్లాను. సన్నగా వాన పడుతోంది. పాత విద్యార్థులంతా తిరిగొచ్చే హోమ్‌కమింగ్ వారం కదా, పిడుగు పడితే తప్ప మా బ్యాండ్ ప్రాక్టీస్ ఆగదు. ట్రాంబోన్ వరస మోకాళ్లు ఎగరేస్తూ నా ముందు నుంచే సాగిపోయింది. ఏడోవాడికీ తొమ్మిదోవాడికీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ. అది నా చోటు.

ఆ వరసకు లీడర్ జనాయా. మొదటి రోజే నా షూ లేసు ఊడిందని మైదానం చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తించిన మహాతల్లి. ఆమె అంటే నాకు భయం. ఆ భయం చాటున ఇంకోటి కూడా ఉంది, అది ఆమెకు తెలియదనే నా ధైర్యం.

విరామంలో యూనిఫాం సంచి చాపాను. ఆమె దాన్ని చూసింది గానీ అందుకోలేదు. నా చోట కొత్తవాణ్ణి పెట్టమని బ్యాండ్ డైరెక్టర్ రోజూ చెబుతుంటే, ఈమె రోజుకో సాకు చెబుతోందని మా వరసలోని డోరియన్ నవ్వుతూ బయటపెట్టాడు. ఆమె వాణ్ణి కసిరి పంపేసింది.

"నా చోటు ఎందుకు ఆపావు?"

"నీ కెమిస్ట్రీ సంగతి విన్నాను. నేనూ ఫస్టియర్లో అదే తప్పాను, మార్కెల్. బ్యాగు కూడా సర్దేసుకున్నా. అప్పటి లీడర్ వారం రోజులు నా చోటు ఎవరికీ ఇవ్వలేదు. అది తెలిసే ఉండిపోయాను."

"ఓహో, బ్యాండ్ ఆనవాయితీ అన్నమాట." నా గొంతులో నిరాశ నాకే వినిపించింది.

"ఆనవాయితీ వారమే." ఆమె చూపు తిప్పుకుంది. "మిగతా మూడు రోజులూ నా సొంతం."

పది రోజుల తర్వాత మొదటిసారి గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాను.

"రేపట్నుంచి ఆరింటికి లైబ్రరీకి రా, కెమిస్ట్రీ నేను చెప్తా. రాకపోతే గది తలుపు బద్దలుకొడతా."

డైరెక్టర్ ఈల వేశారు. నా ట్రాంబోన్ గదిలోనే ఉండిపోయింది. యూనిఫాం సంచి గట్టున పడేసి, ఒట్టి చేతులతోనే వెళ్లి ఎనిమిదోవాడిగా నిలబడి మోకాలెత్తాను.