షో లేని రాత్రి

రాత్రి పది దాటాక ఆ పాత హాలు పక్క సందులోంచి ఎవరూ నడవరు. నడిచినవాళ్లు లేరని కాదు... నడిచినవాళ్లు రెండోసారి నడవలేదు, అంతే.

షో లేని రాత్రే అక్కడ షో నడుస్తుందని పేరు. తలుపులకి తాళాలుంటాయి, ఒక్క దీపం ఉండదు, బయట బోర్డు ఖాళీగా ఉంటుంది. లోపల మాత్రం ఎవరో వాయిస్తూ ఉంటారు. ఎవరికి ఏది ప్రాణమో వాళ్లకి అదే వినపడుతుందట. పేపర్లు వేసే మనిషికి పోయిన వాళ్లమ్మ గొంతు వినపడింది. లెక్కల మాస్టారికి మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచినా ఏమీ వినపడలేదు. ఆయనకి దేని మీదా ప్రాణం లేదని ఆయన భార్య ఎప్పటినుంచో అంటూనే ఉంది.

లోపల ఉన్నదెవరో మాత్రం ఏ ఇద్దరూ ఒకలా చెప్పరు. స్టేజీ మీద కుప్పకూలిన పాటగత్తె అని కొందరు. లైటు బిగిస్తూ పైనుంచి జారిపడ్డ మనిషి అని కొందరు. ముప్పై ఏళ్లు తలుపు దగ్గర టికెట్లు చించి, ఒక్క ఆటైనా లోపల కూర్చుని చూడకుండా పోయిన ముసలాయన అని ఇంకొందరు. దెయ్యం విషయంలో కూడా మనవాళ్లకి మాట కలవదు.

అద్దాలాయనకి అక్కడ జరిగింది నాకు ఆయన బామ్మర్ది చెప్పాడు. బామ్మర్ది మాట సగానికి తగ్గించి వినాలి. నేను తగ్గించే చెబుతున్నాను.

అద్దాలాయన అంటే బజారు మలుపులో కళ్లజోళ్ల కొట్టాయన. పొద్దస్తమానం సానరాయి ముందు కూర్చుని, నీళ్లు చిమ్ముతూ, అద్దాలు అరగదీస్తుంటాడు. చేతిలో పని తప్పితే ఆయనకి ఉన్న లోకం ఒకటే — ఒక రాక్ బ్యాండు. ఐదుగురు మనుషులు. ఇరవై ఏళ్ల వయసులో ఎవరింట్లోనో క్యాసెట్ విన్నాడు, పట్టుకుంది. జ్వరం అయితే దిగేది. ఇది దిగలేదు.

ఆయన దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ఆ బ్యాండు ఏ ఊళ్లో, ఏ రోజు, ఏ పాట తర్వాత ఏ పాట పాడిందో అంతా అందులో రాసుకున్నాడు. పత్రికలు చూసి, తనలాంటి పిచ్చివాళ్లకి ఉత్తరాలు రాసి, నాలుగు వందల పన్నెండు షోల జాబితా పోగు చేశాడు. పెళ్లిరోజు అడిగితే మాత్రం గోడ మీద క్యాలెండర్ వైపు చూసేవాడు.

ఇంతా చేసి, ఆ నాలుగు వందల పన్నెండులో ఆయన కళ్లారా చూసింది ఒక్కటీ లేదు.

వెళ్లలేదని కాదు. మూడుసార్లు వెళ్లాడు.

మొదటిసారి మైదానంలో. తెల్లవారుజామునే పోయి చోటు పట్టాడు. సాయంత్రానికి సరిగ్గా ఆయన ముందే ఇనప గొట్టాలతో ఒక మంచె లేపి దాని నిండా స్పీకర్లు పేర్చారు. కదులుదామంటే వెనక ఇరవై వేలమంది. రెండు గంటలసేపు ఆయన చూసింది స్పీకర్ల వీపు.

రెండోసారి బామ్మర్దిని వెంటేసుకుని రాత్రంతా రైల్లో కూర్చుని పోయాడు. గేటు దగ్గరికి చేరగానే బామ్మర్ది, "బావా, కళ్లు తిరుగుతున్నాయి" అని నిలువునా పడ్డాడు. పొద్దున్నించీ ఏమీ తినలేదట. అడిగితే ఉత్సాహం అన్నాడు. షో అంతా మందుల గుడారంలో గడిచింది. గుడ్డ గోడ అవతల బ్యాండు, ఇవతల బామ్మర్ది మూలుగు. ఏది డ్రమ్మో ఏది మూలుగో తెలియలేదని ఆయన ఏళ్ల తరబడి దెప్పేవాడు.

మూడోసారి ఒక్కడే వెళ్లాడు. చోటు దొరికింది, అడ్డం ఎవరూ లేరు, పక్కన బామ్మర్ది లేడు. లైట్లు వెలిగాయి. పాటగాడు అడుగుపెట్టాడు. జనం ఒక్క ఊపు ఊపారు... ఆయన కళ్లజోడు ఎగిరి కిందపడి ఎవరి బూటు కిందో పిండైపోయింది.

ఊరందరికీ చూపిచ్చే మనిషి. ఐదు రంగుల మచ్చలు చూసి ఇంటికొచ్చాడు.

అలాంటిది, ఆ బ్యాండు చివరి టూరులో ఆయన ఊరికే వస్తోందని తెలిసింది. ఇక ఆపేస్తున్నారట, వయసైపోయిందట. అదీ మైదానంలో కాదు, ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న ఆ పాత హాల్లో. ఆయన టికెట్ కొని, దాన్ని కళ్లజోడు పెట్టెలో దాచుకున్నాడు. రెండో కళ్లజోడు తాడు కట్టి మెళ్లో వేసుకున్నాడు.

"మీరు వెళ్తున్నది పాట వినడానికా, యుద్ధానికా?" అంది భార్య.

"నవ్వు. ఈసారి నన్ను ఆపేవాడు పుట్టలేదు."

"నేనూ రానా బావా?" అన్నాడు బామ్మర్ది.

"నువ్వు ఈ పూట గడప దాటితే ఒట్టు."

ఏడింటికి షో. ఆరున్నరకి హాలు ముందు జనం, జనం ముందు బల్లెక్కిన నిర్వాహకుడు. హాలుకి కరెంటు పోయింది, జనరేటర్ కాలిపోయింది, షో రద్దు. బ్యాండు వెళ్లిపోయింది, దయచేసి మీరూ వెళ్లిపోండి.

జనం తిట్టారు, కాసేపు తోసుకున్నారు, చల్లబడ్డారు. అద్దాలాయన మాత్రం కదల్లేదు. అందరూ పోయాక కూడా ఎదురుగా టీ బంకులో కూర్చున్నాడు. నోటిదాకా వచ్చిన ముద్ద నాలుగోసారి జారిపోతే మనిషికి కోపం కూడా రాదు. ఇంటికెళ్తే భార్య ఏమీ అనదు — అదే భయం. తిడితే తిట్టొచ్చు. జాలిపడితే ఏం చేస్తాడు?

బంకు మూసేశారు. పదకొండయ్యింది. దగ్గరదారని పక్క సందులోకి తిరిగాడు. సందు సంగతి తెలియక కాదు. ఆ పూట ఆయనకి దెయ్యం కూడా లెక్కలేదు.

నాలుగడుగులు వేశాడు...

లోపల గిటారు.

ఆగిపోయాడు. సన్నగా, దూరంగా... ఆగి, మళ్లీ మొదలైంది. ఆ వేళ్లు ఎవరివో ఆయనకి తెలుసు. నిద్రలో వినిపించినా పోల్చుకుంటాడు.

'కరెంటు వచ్చిందన్నమాట! దొంగ వెధవలు, జనాన్ని పంపించేసి...'

పక్క తలుపు ఓరగా తీసి ఉంది. దాని వెనక చీకట్లో స్టూలు మీద ఎవరో కూర్చుని ఉన్నారు. ఒక చెయ్యి ఆయన గుండెకి అడ్డంగా వచ్చింది.

"టికెట్."

హాలు తలుపు దగ్గర చెయ్యి చాస్తే ఎవరైనా ఏం చేస్తారు? కళ్లజోడు పెట్టె తెరిచి ఇచ్చాడు. పర్రుమని చింపిన చప్పుడు. సగం తిరిగి ఆయన చేతిలోకి వచ్చింది.

"సగం జాగ్రత్త బాబూ," అంది గొంతు, మెల్లగా.

సగం పెట్టెలో పడేసి తెర పక్కకి నెట్టి లోపలికి దూరాడు.

లోపల... కరెంటు రాలేదు.

చిక్కటి చీకటి. వరసలు వరసలుగా ఖాళీ కుర్చీలు. ఎక్కడో దూరంగా స్టేజీ మీద ఒకే ఒక్క కొవ్వొత్తి. దాని వెనక నీడలు — ఒకటి, రెండు... ఐదు. మైకు లేదు. స్పీకరు లేదు. గిటారు తీగ గోటితో మీటినట్టు పలుచగా మోగుతోంది. డ్రమ్ము మీద కర్రలు లేవు, ఎవరో అరచేత్తో తడుతున్నారు.

ఆయన చివరి వరస వెనక నిలబడిపోయాడు. బ్యాండు వెళ్లిపోయిందన్నారు కదా? జనం లేరు. దీపాల్లేవు. షో లేదు...

షో లేని రాత్రి.

అప్పుడు పాట మొదలైంది.

మొదటి ముక్కకే ఆయన వీపు మీద వెంట్రుకలు లేచాయి. అది రెండో క్యాసెట్‌లో ఆఖరి పాట. పాటగాడు పోయిన తన అన్న కోసం రాసుకున్నది. నాలుగు వందల పన్నెండు షోల్లో ఒక్కచోట కూడా పాడలేదు. ఎందుకు పాడవని పత్రికవాళ్లు అడిగితే ఒకే మాట చెప్పాడు, ఆ మాట ఎర్రసిరాతో నోటుపుస్తకం మొదటి పేజీలో ఉంది —

'అది బతికున్నవాళ్ల ముందు పాడే పాట కాదు.'

ఇంకెవరికైనా అది ఒక పాట. వింటూ కూర్చునేవారు. ఆయన అభిమాని. ఆయనకి తెలుసు.

బతికున్నవాళ్ల ముందు పాడని పాట పాడుతున్నారంటే... పాడేదెవరు? వినేదెవరు?

పాట సగంలో ఆగింది. కొవ్వొత్తి ముందు నీడ ఒకటి లేచి నిలబడింది. చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని చీకట్లోకి చూసింది.

"వెనకెవరో ఉన్నారు..." అంది ఆ గొంతు. ఇరవై ఏడేళ్లుగా ఆయన చెవిలో ఉన్న గొంతు. "అక్కడెందుకు? రండి... ముందుకి రండి. చోటుంది."

అద్దాలాయన పైప్రాణాలు పైనే పోయాయి. ఎలా తిరిగాడో, తెర ఎలా చీల్చుకున్నాడో తెలియదు. ఒక చెప్పు లోపల, ఒక చెప్పు సందులో. ఇల్లు చేరి, దుప్పటి ముసుగుతన్ని, "అన్నం?" అని భార్య అడిగితే పళ్లు టకటక కొట్టుకోవడమే జవాబు.

మర్నాడు పదింటికి కొట్లో కూర్చున్నాడు. హాలు ఊడ్చే పెద్దమ్మ తన కళ్లజోడు కాడ అతికించమని వచ్చింది. మనిషి వెలిగిపోతోంది.

"రాత్రి ఏం పాడారయ్యా బాబూ!"

సానరాయి ఆగిపోయింది. "ఎవరు?"

"ఎవరేంటి, ఆ ఐదుగురే! జనాన్ని కదిలించడానికి వెళ్లిపోయారన్నారు గానీ, కారు రాక అర్ధరాత్రిదాకా ఇక్కడే ఉన్నారు. ఇంత దూరం వచ్చి ఊరికే పోవాలా అన్నారు. నన్నూ, వాచ్‌మన్నీ, కరెంటు పనివాళ్లనీ ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆరుగురం. మైకులేకుండా, కొవ్వొత్తి పెట్టుకుని పాడారు. అన్న కోసం రాసుకున్న పాటంట, ఎక్కడా పాడలేదంట. ఈ హాల్లో ఎందుకో పాడబుద్ధవుతోంది అన్నాడు పాపం, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు."

అద్దాలాయన చేతిలో అద్దం జారి నీళ్లలో పడింది.

"ఎవడో వెనక నక్కి ఉంటే, ఆయన అంతటాయన రమ్మని పిలిచాడు బాబూ! వాడు దొంగ కాబోలు, తోక తొక్కిన పిల్లిలా పరిగెత్తాడు. ఒంటి చెప్పు వదిలేసి మరీ! ఎంత నవ్వుకున్నామో."

అద్దాలాయన తేలుకుట్టిన దొంగలా తల దించుకుని, కౌంటరు కింద పాదాలు రెండూ లోపలికి లాక్కున్నాడు.

"మళ్లీ తిరిగొచ్చాడులే. పాటయ్యాక వెనక వరసలోంచి ఒక్కడే చప్పట్లు కొట్టాడు. చాలాసేపు కొట్టాడు."

"నేను..." అనబోయి మింగేశాడు. తను తిరిగి వెళ్లలేదు.

అంతలో బామ్మర్ది పేపరు ఊపుకుంటూ ఊడిపడ్డాడు. "బావా! బతికిపోయావు! వచ్చే నెల పక్క ఊళ్లో ఆఖరి షో. నిన్న రద్దయినదాని టికెట్లు అక్కడ చెల్లుతాయట. చించని టికెట్ చూపిస్తే చాలు, లోపలికి వదులుతారట!"

అద్దాలాయన గబగబా కళ్లజోడు పెట్టె తెరిచాడు.

సగం.

"ఇదేంటి బావా? షోయే జరగలేదుగా, ఎవరు చింపారు?"

ఆయన ఆ సగాన్ని మళ్లీ పెట్టెలో పెట్టి మూశాడు. పెద్దమ్మ వైపు తిరిగాడు. "పెద్దమ్మా... రాత్రి పక్క తలుపు దగ్గర, స్టూలు మీద ఎవర్ని కూర్చోబెట్టారు?"

"పక్క తలుపు దగ్గరా? ఎవరూ లేరే. ఉన్న ఆరుగురం ముందు వరసలోనే ఉన్నాం." పెద్దమ్మ కళ్లజోడు కౌంటరు మీద పెట్టి, గొంతు తగ్గించింది. "ఆ స్టూలు మీద మేమెవరం కూర్చోం బాబూ. అది తాతది."

బతికున్నవాళ్లని చూసి దెయ్యాలనుకుని పరిగెత్తాడు. దెయ్యానికి మాత్రం పిలిచి టికెట్ ఇచ్చాడు.

భయపడ్డాడనుకుంటారేమో. లేదు. ఆయనకి ఒళ్లు మండింది. ఆ రాత్రి పదకొండింటికి, ఎవరికీ చెప్పకుండా, ఆ సందులోకి మళ్లీ వెళ్లాడు. రెండోసారి నడిచినవాడు ఆయనొక్కడే అంటాడు బామ్మర్ది.

పక్క తలుపు ఓరగా ఉంది. లోపల ఏ చప్పుడూ లేదు.

"తాతా," అన్నాడు చీకటిలోకి. "ముప్పై ఏళ్లకి నీకొక్కటి దక్కింది, కాదనను. కానీ ఇరవై ఏడేళ్లు నాకు మాత్రం తక్కువా? ఆ పాట మిగతా సగం ఎలా పాడాడో... అదొక్కటి చెప్పు. పోతాను."

లోపల స్టూలు కిర్రుమంది. ఒక చెయ్యి ఆయన గుండెకి అడ్డంగా వచ్చి ఆగింది.

"టికెట్."

ఆయన పెట్టె తెరిచి, ఉన్నది ఇచ్చాడు.

చెయ్యి దాన్ని తడిమి చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. జాగ్రత్తగా మళ్లీ ఆయన అరచేతిలో పెట్టింది.

"సగం చెల్లదు బాబూ."

తలుపు మెల్లగా మూసుకుంది.