అసలు స్లైడ్ల పెట్టె

"ఎలకల ఊపిరితిత్తుల కోసం నిన్న ఒక డాక్టర్ని చంపేశారు," అన్నాడు చీఫ్ నారాయణమూర్తి, రాజాంలో ధాన్యం గోదాం వెనక గది తలుపు మూస్తూ.

ఎదురుగా ఇద్దరు ఏజెంట్లు. ఇస్త్రీ చొక్కా నలగని నరేష్. పక్కన, సముద్రమొడ్డు పల్లెలో పుట్టిన వెంకీ.

"ఎచ్చెర్ల దగ్గర ప్రైవేట్ ల్యాబ్. కొన్ని ఎలకల చేత తీరపు ఇసకలోంచి వచ్చే రేడాన్ గ్యాస్ పీల్పించారు. కొన్నిటికి మంచి గాలి. గ్యాస్ పీల్చినవాటికి ఊపిరితిత్తుల్లో కేన్సర్ గడ్డలు లేచాయి. డోసు పెరిగేకొద్దీ గడ్డలూ పెరిగాయి. ఆ గడ్డల స్లైడ్లు ఢిల్లీ చేరితే ఇసక తవ్వకం ఆగుతుంది. విదేశీ ముఠా దారిలో పెట్టె మార్చి, మంచిగాలి ఎలకల స్లైడ్లు పంపాలని చూస్తోంది."

వెంకీ చటుక్కున తలెత్తాడు. వాడి అక్క దేవి రోజూ జల్లెడ పట్టేది ఆ ఇసకనే, మూతికి గుడ్డయినా లేకుండా.

ల్యాబ్‌లో మన మనిషి దుర్గాభవాని. ముఠాని నమ్మించడానికి వాళ్ళ జీతమూ తీసుకుంటోంది, మన జీతమూ తీసుకుంటోంది. మెరుపుతీగలా లోపలికొచ్చి నరేష్ పక్కనే కూర్చుంది.

"బావా, పెట్టి నువ్వే పట్టుకో. నీ సేతిలో ఉంటే నాకు బెంగ లేదు." వెంకీ వైపు తిరిగింది. "అన్నయ్యా, నువ్వు పల్లీలమ్ము."

అన్నయ్యా! వెంకీ నరేష్ ఇస్త్రీ చొక్కా వైపు గుర్రుగా చూశాడు.

ఆమదాలవలస స్టేషన్. వెంకీకి తలపాగాలో ఇయర్‌పీస్, చంకన పల్లీల బుట్ట. బెంచీ మీద నరేష్, పక్కన స్లైడ్ల పెట్టె. ఎదురుగా నెమలికంఠం రంగు చీరలో దుర్గాభవాని.

"పనస పండిందేటి?" కోడ్ అడిగింది.

"తొనలు తియ్యడమే," అన్నాడు నరేష్.

"టీ తాగుతావా బావా?"

"నువ్విస్తే విషమైనా తాగుతాను."

ఇయర్‌పీస్‌లో ఇద్దరి నవ్వులూ కలిసిపోయాయి. ప్లాట్‌ఫారమంతా ఆమెనే చూస్తోంది, మఫ్టీ పోలీసులతో సహా. వెంకీకి చూడబుద్ధి కాలేదు. పళ్ళు కొరికి మొహం తిప్పేసుకున్నాడు.

తిప్పుకున్న వైపు, బెంచీ వెనక, ఎండుచేపల గంపతో ఓ ముసలమ్మ. నోట్లో చుట్ట. నిప్పు బయటికుంది.

వెంకీ చూపు ఆ నిప్పు దగ్గరే ఆగిపోయింది. వాళ్ళమ్మ లక్ష్మణమ్మతో సహా, సముద్రమొడ్డు పల్లెల్లో ముసలాళ్ళు తాగేది అడ్డపొగ. నిప్పు నోటి లోపల పెట్టుకుంటారు. ఈవిడెవర్తి?

రైలు కూతేసింది. నరేష్ పెట్టె పట్టుకుని లేచాడు.

"ఆగరా ఒరే! పెట్టి మార్సేసినారు!" అని అరిచాడు వెంకీ.

అరుస్తూనే గంప మీదికి దూకాడు. ముసలమ్మ చీర మడతలోంచి పిస్తోలు తీసింది. పల్లీల బుట్ట మొహాన కొట్టాడు. గుండు రేకు కప్పుకి తగిలింది, నెరిసిన విగ్గు పట్టాల మీద పడింది, కింద బట్టతల తెల్లదొర! ఎండుచేపల అడుగున అసలు పెట్టె, సీలు చెదరకుండా.

పారిపోబోయిన దుర్గాభవానికి బేడీలు పడ్డాయి. "ఊరంతా నన్నే సూస్తంటే, నువ్వొక్కడివీ ఎటు సూసినావురా?" అంది కసిగా.

మఫ్టీలో అక్కడే ఉన్న చీఫ్, పెట్టెతో రైలెక్కుతూ వెంకీ భుజం తట్టాడు. "అంత అందం ఎదురుగా ఉన్నా చెదరని ఏకాగ్రత! ఎక్కడ నేర్చావోయ్?"

"ట్రైనింగ్ సార్," అన్నాడు వెంకీ.

ఖైదీ పక్కన కూర్చుని విశాఖ దాకా జీపులో కాపలా కాసే డ్యూటీ నరేష్‌కి పడింది. వెంకీ ముందు సీట్లో కూర్చున్నాడు, సాక్ష్యం కింద జమైన ఎండుచేపల గంపని ఒళ్ళో పెట్టుకుని.