ఇరవై ఒకటో రోజు

సీతమ్మధారలో గవర్రాజు ఇంటి బాల్కనీని రెండుసార్లు కట్టారు. రెండోసారి కట్టింది తవిటయ్య మేస్త్రి. నిజానికి మొదటిసారి కూడా అతనే కట్టాల్సింది.

పోర్టులో ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చిన గవర్రాజు ఇరవయ్యేళ్లు అద్దె ఇళ్లు మారి మారి, చివరికి సొంత ఇల్లు మొదలుపెట్టాడు. భార్య కనకరత్నం అడిగింది ఒక్కటే. సాయంత్రం కూర్చోడానికి వీధిగుమ్మం పైన ఒక బాల్కనీ. ఆవిడ పొట్టి మనిషి. అటక మీద డబ్బా తియ్యాలన్నా మునివేళ్ల మీద లేవాల్సిందే.

"మీకు అన్నీ కనిపిస్తాయి. నాకూ కాస్త ఎత్తు కావాలండీ" అనేది నవ్వుతూ.

తగరపువలస నుంచి తవిటయ్య వచ్చి చూశాడు.

"స్లాబు ఏసినాక ఇరవయ్యొక్క రోజులు కింద ఆన్చిన కర్రలు ముట్టుకోకూడదు బాబూ. ఒక్కరోజు తగ్గినా నాను కట్టను."

గృహప్రవేశానికి పద్నాలుగు రోజులే ఉంది. ఆ మాటే చెప్పాడు గవర్రాజు.

"ముహూర్తం మనకి తెలుస్తాది గానీ, సిమ్మెంటుకి ఏటి తెలుస్తాది?" అని తవిటయ్య సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

గవర్రాజుకి ఒళ్లు మండింది. ముహూర్తానికి అందిస్తానన్న కాంట్రాక్టర్ కొండలరావుకి పని ఇచ్చేశాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సెల్‌ఫోను, ప్రతి మాటకీ "అయిపోద్దండీ". ఆ మాటకే గవర్రాజు పడిపోయాడు.

పదో రోజున కర్రలు తీసేశారు. పదకొండో రోజు మధ్యాహ్నం కనకరత్నం వీధిగుమ్మానికి పసుపు రాస్తోంది. బాల్కనీ విరిగి ఆవిడ మీద పడింది. "ఏవండీ" అన్న పిలుపు సగంలో ఆగిపోయింది. గవర్రాజు పరుగెత్తుకొచ్చేసరికి పసుపు గిన్నె ఒక్కటే మెట్టు మీద ఉన్నది ఉన్నట్టు ఉంది.

ఏడాది తిరిగాక అతను బస్సెక్కి తగరపువలస వెళ్లాడు.

"రత్నం అడిగిన బాల్కనీ... ఈసారి నువ్వు కట్టు మేస్త్రీ."

తవిటయ్య ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పినా బాగుండునని గవర్రాజుకి అనిపించింది.

స్లాబు పడింది. డ్యూటీ నుంచి రాగానే తడుపుదామని గవర్రాజు మేడెక్కేవాడు. నీళ్లు నిలవడానికి స్లాబు మీద కట్టిన గట్ల మధ్య నీళ్లు అప్పటికే నిండుగా ఉండేవి. మేస్త్రి పోశాడనుకున్నాడు. మేస్త్రేమో యజమాని పోశాడనుకున్నాడు. ఆ నీళ్లు పసుపు వాసన వేసేవి.

ఇరవై ఒకటో రోజు, మే నెల, మిట్టమధ్యాహ్నం. వీధిలో కాకి కూడా లేదు. తవిటయ్య సుత్తితో ఒక్కో కర్రా తట్టి పక్కన పెట్టాడు. స్లాబు కదల్లేదు. గవర్రాజు ఊపిరి పీల్చుకున్నాడు. ఇక స్లాబు అడుగున పరిచిన పలకలు ఊడదీయడమే మిగిలింది.

మొదటి పలక వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది దించి తలెత్తిన తవిటయ్య అలాగే ఉండిపోయాడు.

"ఏమైంది మేస్త్రీ?"

"బాబూ... ఇటు రాకండి..."

గవర్రాజు వచ్చేశాడు.

స్లాబు అడుగున రెండు అరచేతుల అచ్చులు. చిన్నవి. కింద నుంచి పైకి ఒత్తినట్టు... లోతుగా... గీతల్లో పసుపు. పలకకీ సిమెంటుకీ మధ్య చీమ కూడా దూరదు. చెయ్యి ఎలా దూరింది?

తవిటయ్య చేతులు జోడించాడు.

"నా స్లాబు నిలబడతాది తల్లీ... ఎవులూ పట్టుకోనక్కర్లేదు..."

గవర్రాజు ఏడాదిగా లోపల దాచుకున్నదంతా ఒక్కసారి తన్నుకొచ్చింది.

"తప్పు నాది రత్నం... వదిలెయ్యి. ఈసారి పడదు..."

పసుపు వాసన దగ్గరికొచ్చింది. ఊపిరి తగిలేంత దగ్గరికి...

అతను తల దించాడు. సరిగ్గా ఆ అరచేతుల కింద, కాలిపోతున్న గచ్చు మీద, తడి. ఐదు వేళ్లు... పక్కన ఇంకో ఐదు వేళ్లు. మడమలు లేవు.

మునివేళ్ల మీద నిలబడి ఉంది.

గవర్రాజు కూలబడి తువ్వాలుతో తుడిచాడు. గచ్చు ఆరింది. చూస్తుండగానే మళ్లీ తడిసింది. మళ్లీ తుడిచాడు... మళ్లీ వచ్చాయి, అక్కడే, ఆ పది వేళ్లూ.

ఈసారి కుడికాలి వేళ్ల గుర్తులు చెదిరి ఉన్నాయి. బరువు ఆపలేక కాలు వణికినట్టు.