మోకాలి లోతు నీళ్ళు

మిట్టమధ్యాహ్నం! మనిషి నీడ మనిషి కాళ్ళ కిందే దాక్కునే ఘడియ... క్షుద్రశక్తులకు అర్ధరాత్రి కన్నా ప్రీతికరమైన ఘడియ! సగానికి పైగా ఇంకిపోయిన జలాశయం ఎండకు సలసలా కాగుతోంది. మబ్బుతునక లేని ఆకాశం ఫెళఫెళా ఉరిమింది. ఎక్కడో గుడ్లగూబ పట్టపగలే కూసింది!

మోకాలి లోతు నీళ్ళలో వెల్డింగు పని చేసుకునే ఓ మనిషి మెటల్ డిటెక్టర్‌ను అడుగుబురద మీద అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఈతకొచ్చినవాళ్ళు పోగొట్టుకున్న ఉంగరాలు వెతికిపెట్టడం అతనికి వేసవి సరదా. ఈరోజు వెతుకుతున్నది మాత్రం భార్య ప్రాణం!

ఆమె ఒడ్డున బురదలో వెల్లకిలా పడివుంది. బట్టలు కుట్టే మనిషి, నోరున్న మనిషి. పొరుగింటి పసిబిడ్డను పూజకని ఎత్తుకుపోబోయిన మాంత్రికుడికి అడ్డం నిలబడి, నడివీధిలో వాడి బండారం బయటపెట్టింది. ఆ పగతో వాడు ప్రయోగం చేశాడు. ఆమె నిద్రలోనే నడిచివచ్చి ఇక్కడ కూలబడింది. నలుగురు పట్టి ఎత్తినా కదల్లేదు!

"నీ పెళ్ళాం ఆయువు ఈ నీళ్ళలోనే పాతిపెట్టానురా! పొద్దు వాలిందా... ఇక ఏడ్చుకోవడమే!" గట్టు మీద మాంత్రికుడు వికటాట్టహాసం చేశాడు. "వెతుక్కో నాయనా, వెతుక్కో. వద్దన్నానా?"

అతను వెతుకుతున్నది రాగిరేకు కోసం. మంత్రించి పాతిపెట్టేది రాగిరేకేనని అందరూ చెప్పారు మరి! నాణేలు దొరికాయి. చెంచా దొరికింది. పిచ్చికోపంతో విసిరికొట్టాడు.

ఒడ్డున ఆమె దేహం విల్లులా వంగింది. పగిలిన పెదవుల మధ్య నుంచి ఓ ముసలి గొంతు... "మీకు... మీకు..."

"మీకూ ఇదే గతి అంటోంది బాబూ! అది నా కూతురి గొంతు కాదు బాబూ!" అత్తగారు గుండెలు బాదుకుంది.

"నువ్వు పోతే నేనేమైపోతానే! ఏం కావాలో సరిగ్గా చెప్పవే!" అతను నీళ్ళలో నిలబడి భోరుమన్నాడు.

"మే...కు! మేకు తియ్యరా!"

గుండె ఝల్లుమంది. మేకు! ఇలాంటి చోట్ల తుప్పుమేకులకు కొదవేముంది? అందుకే వెతికేవాళ్ళు ముందుగా చేసే పని, ఇనుము కూత వినబడకుండా డిటెక్టర్ మీట తిప్పేయడం. అతనూ పొద్దుటినుంచి ఇనుముకు చెవులు మూసుకునే వెతికాడు. ఎంత ఘోరం!

మీట వెనక్కి తిప్పాడు. కుడివైపు కూత... ఎడమవైపు కూత... అడుగడుగునా బొంగురు కూతలే! ఏది? వీటిలో ఏది? దిక్కుతోచక ఎడమకు తిరిగాడు.

"ఒరేయ్! అటు పోకురా!" మాంత్రికుడు దిగ్గున లేచాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే! అతను అటే దూకాడు. రెండు చేతులూ బురదలోకి దింపాడు. పుర్రె! నడినెత్తిన జానెడు ఇనుపమేకు! పట్టుకుని లాగాడు. అరచేయి చీలి నెత్తురు చిమ్మింది. పళ్ళు బిగించి మళ్ళీ లాగాడు... ఊడింది!

దిక్కులు దద్దరిల్లాయి! ఒడ్డున పడివున్న ఆమె నోరు తెరిచింది.

"ఒరే నాన్నా..."

మాంత్రికుడి ముఖం పాలిపోయింది. "అమ్మా! వద్దే... నీ కాళ్ళు పట్టుకుంటానే!"

ఔను... ఆ కపాలం వాడి కన్నతల్లిది! తన చేతుల్తోనే చంపి, నెత్తిన మేకు దిగ్గొట్టి, ఆమె ఆత్మను బానిసను చేసి, ఇన్నేళ్ళూ ఊళ్ళమీదికి ఉసిగొల్పిన పాపాత్ముడు వాడు!

"కన్నతల్లి చేత ఇంతమంది ఉసురు తీయించావు కదరా! చాల్లే. దా నాన్నా... అమ్మ దగ్గరికి దా."

వాడి కాళ్ళు వాడి మాట వినలేదు. కెవ్వున అరుస్తూ, గట్టు దిగి, నీళ్ళలోకి నడిచాడు. మోకాళ్ళు... నడుము... గొంతు... మోకాలి లోతు నీళ్ళలో ఆరడుగుల మనిషి నిలువునా మునిగిపోయాడు! బుడగ కూడా పైకి రాలేదు.

అతను పడుతూ లేస్తూ ఒడ్డుకు పరుగెత్తాడు. ఆమె తలను ఒళ్ళోకి తీసుకున్నాడు. పిలవడానికి భయం... పలికేది ఏ గొంతో అని భయం!

ఆమె కళ్ళు తెరిచి అతని చెంప తడిమింది.

"ఎందుకండీ అలా ఏడుస్తారు? ఉన్నాగా."

అది ఆమె గొంతే. అతను మరింత గట్టిగా ఏడ్చాడు.