కత్తిరించిన మాత్రలు

పొద్దున్నే షట్టరు ఎత్తి, కౌంటరు మీద దుమ్ము దులిపి, హాస్టల్లో ఉన్న కూతురికి ఫోన్ చెయ్యడం ఆయనకి బోణీ లాంటిది. మందుల షాపు నడిపేవాడికి ఊరందరి దగ్గులూ తెలుస్తాయి. కూతురి తుమ్ముని ఫోన్లోనే తేల్చెయ్యగలనని ఆయన ధీమా. కాలేజీలో చేర్చినప్పుడు ఓ మందుల డబ్బా సర్దిచ్చాడు. షాపుకొచ్చే వాళ్ళకి ఇచ్చినట్టే మాత్రల షీట్లు ముక్కలుగా కత్తిరించి, చిన్న కాగితం కవర్లలో వేసి, పైన గుండ్రటి అక్షరాలతో రాశాడు: జ్వరానికి, జలుబుకి, ఒళ్ళునొప్పులకి. ఆ డబ్బా పుణ్యమా అని హాస్టల్లో ఆ పిల్లకి 'కాంపౌండరు' అని పేరు పడింది.

ఆ రోజు ఫోన్ ఎత్తింది గదిలో తోడుండే అమ్మాయి.

"అంకుల్, కాంపౌండరు లేవట్లేదు. అంటే... లేస్తోంది, వాంతి చేసుకుని మళ్ళీ పడిపోతోంది."

"ఎప్పట్నుంచమ్మా?"

"నాలుగైదు రోజులైంది జ్వరమొచ్చి. మా అంతస్తులో చాలామందికి వచ్చింది, తాగే నీళ్ళు బాలేవంటున్నారు. మేమంతా ఆస్పత్రికెళ్ళాం. తను రానంది. మా నాన్న మందులుండగా నాకు డాక్టరెందుకే అంది."

ఆయనకి ఒక్క క్షణం ఛాతీ పొంగింది. తర్వాత అడగాల్సింది అడిగాడు. "ఏం వేసుకుంది?"

"అన్నీ అంకుల్. జ్వరానికో కవరు, ముక్కు కారితే ఇంకోటి, నొప్పులకి మూడోది. పూటపూటా వేసుకుంటోంది. అన్నం మాత్రం ముట్టట్లేదు."

మూడు కవర్లలోని మాత్రల రంగులు వేరు, కంపెనీలు వేరు. లోపల మాత్రం మూడింటిలోనూ పారాసిటమాల్ ఉంది. ఒక్క కవరు మేలు చేస్తుంది, మూడూ కలిస్తే కాలేయాన్ని తినేస్తాయి. ఆ సంగతి షీటు మీద అచ్చులో ఉండేది. దానికి కత్తెర పెట్టింది తనే.

"కళ్ళు చూడమ్మా. తెల్లగా ఉన్నాయా?"

అవతల కిటికీ తెర జరిగిన చప్పుడు.

"పచ్చగా ఉన్నాయంకుల్." ఆ గొంతులో ఏడుపు.

"వార్డెన్‌ని పిలు! కవర్లు కూడా తీసుకుని ఆస్పత్రికి పరిగెత్తండి. అన్నింటిలోనూ పారాసిటమాలే ఉందని డాక్టరుకి చెప్పు. మర్చిపోకు తల్లీ, అన్నింటిలోనూ!"

కూతురున్న ఊరికి బయల్దేరిన టాక్సీలో భార్య కొంగు నలుపుతూ కూర్చుంది. ఉన్నట్టుండి అడిగింది. "జ్వరమని మీకు చెప్పలేదా?"

"మొదటి రోజే చెప్పింది, తర్వాత తగ్గుతోందనేది. కవర్లో మందేసుకో అన్నాను."

"ఏ కవరో చెప్పారా?"

"కౌంటరు ముందు జనం ఉన్నారు. పెట్టేశాను."

"మీ అమ్మకి ఆయాసమొచ్చినా మీరే, నాకు పన్ను నొప్పొచ్చినా మీరే! షాపుందని ఈ ఇంట్లో ఎవ్వరం డాక్టరు గడప తొక్కకూడదు, మీకది నామోషీ! ఆ నామోషీ పిల్లకి కూడా నూరిపోశారు. దానికేమన్నా అయితే..."

ఎంత మొండి బేరాన్నైనా మాటతో గట్టెక్కించే మనిషి, డ్రైవరు భుజం తట్టి ఇంకాస్త తొందరగా పోనిమ్మన్నాడు.

ఆస్పత్రిలో డాక్టరు మూడు కవర్లనీ బల్ల మీద పరిచింది. "ఇవి మీరిచ్చినవేనా?"

"నేనిచ్చినవే."

"నీళ్ళ వల్ల కామెర్లొచ్చాయి. అవి నెమ్మదిగా తగ్గేవే. కానీ ఈ మాత్రలతో దెబ్బ మీద దెబ్బ తగిలింది. విరుగుడు ఎక్కిస్తున్నాం. మళ్ళీ రక్తపరీక్ష చేస్తే గానీ ఏమీ చెప్పలేను."

షాపుకి వచ్చిన ప్రతివాడికీ 'భయం లేదు, తగ్గిపోతుంది' అన్న మాటని మాత్రలతోపాటు కొసరుగా వేసిచ్చేవాడు. ఇప్పుడు అదే మాట కోసం ఆయన డాక్టరు మొహంలోకి చూశాడు. ఆవిడ ఇవ్వలేదు. తన దగ్గర లేని సరుకు ఇవ్వకపోవడమే నిజాయితీ అని ఆయనకి తెలిసొచ్చింది. తెలిసినకొద్దీ భయం పెరిగింది.

మర్నాడు రక్తపరీక్ష చూసి డాక్టరు మొదటిసారి తల ఊపింది. "కాలేయం దెబ్బ చూపే అంకె దిగుతోంది. ఇంకా కనిపెట్టుకుని ఉండాలి, కానీ దిగుతోంది."

కూతురు కళ్ళు తెరిచింది. తండ్రిని చూసి పెదాలు తడుపుకుంది.

"నాన్నా... నీ పేరు పోతుందని వెళ్ళలేదు. మందుల షాపాయన కూతురు క్యూలో నిలబడితే నవ్వుతారని."

ఆయన మంచం పట్టీ గట్టిగా పట్టుకున్నాడు. "పోతే పోనీయమ్మా పేరు. నువ్వుంటే చాలు."

"కడుపులో తిప్పుతోంది. ఏదైనా మాత్రివ్వు."

అలవాటు కొద్దీ చెయ్యి జేబులోకి వెళ్ళబోయి ఆగిపోయింది. కళ్ళ నీళ్ళు జారుతున్నా తుడుచుకోలేదు.

"నన్నడక్కు తల్లీ. బెల్లు కొడతాను, నర్సమ్మనడుగుదాం."

టాక్సీ దిగిన దగ్గర్నుంచీ ఆయనతో మాట్లాడని భార్య మంచం పక్కనున్న బల్ల మీద కొంచెం జరిగి చోటిచ్చింది.

"బెల్లు కొట్టి, వచ్చి కూర్చోండి. మీరూ పడిపోతే ఇద్దర్ని చూసుకునే ఓపిక నాకు లేదు."