స్మృతిపేటికలో మిగిలింది

ఆ కాలానికి భీమిలిలో వంటగది లేని ఇళ్ళుండేవి గానీ, స్మృతిపేటిక లేని ఇల్లు ఉండేది కాదు. ఇంట్లోవాళ్ళు చూసిందీ విన్నదీ దాచిపెట్టే హోమ్ సర్వర్ అది. అందరికీ అదొక సౌకర్యం. వకుళ భర్త దివాకర్‌కి మాత్రం ప్రాణాధారం. మెదడువాపు జ్వరం అతని గతాన్నంతా తుడిచిపెట్టాక, చెవి వెనక అమర్చిన గ్రాహకం ద్వారా పేటికే అతనికి జ్ఞాపకాలు అందిస్తోంది. జ్వరానికి ముందే చనిపోయిన కూతురు మేఘన రికార్డులు మాత్రం పాడైపోయాయని పేటిక చెప్పింది. తెలియని దుఃఖాన్ని కొత్తగా తగిలించడమెందుకని, వకుళ పాప ఫోటోలన్నీ దాచేసి ఒక్కతే ఏడ్చుకునేది.

ఈమధ్య పేటిక తడబడుతోంది. ఆపరేటింగ్ సిస్టమ్ మళ్ళీ ఎక్కించక తప్పదని ఇంజినీర్ జుబేదా తేల్చింది. జ్ఞాపకాలుండేది వేరే డిస్కులో. దాన్ని ముందే ఊడదీసి పక్కన పెట్టి, పాత సిస్టమ్‌ని చెరిపేసింది.

దివాకర్ కళ్ళు ఖాళీ అయిపోయాయి. వకుళ చెయ్యి పట్టుకుంటే మర్యాదగా వెనక్కి తీసుకున్నాడు. "మీరెవరండీ?" అన్నాడు.

కొత్త సిస్టమ్ లేచింది. జుబేదా డిస్కు తగిలించింది.

"ఈ డిస్కు చదవడానికి వీలుకావడం లేదు. ఫార్మాట్ చేయమంటారా?" అంది పేటిక.

ఔనంటే డిస్కంతా చెరిగిపోయి, వకుళకి భర్త మొత్తంగా పోయినట్టే. జుబేదా వద్దని చెప్పి, పాత సంకేతభాష చదివే డ్రైవర్ ప్రోగ్రామ్‌ని వెతికి ఎక్కించింది. కాసేపటికి తెర నిండా ఫైళ్ళు బారులు తీరాయి. ఒక్కటీ పోలేదు.

దివాకర్ చూపులోకి ప్రాణం వచ్చింది. "వకుళా" అన్నాడు. ఆ వెంటనే రెండు చేతులతో మొహం కప్పుకుని కూలబడ్డాడు. "మేఘన..."

వకుళ నిర్ఘాంతపోయింది. ఆ రికార్డులు పాడైపోలేదా అని జుబేదాని అడిగింది. జుబేదా డిస్కులో నమోదై ఉన్న పాత ఆదేశాల చిట్టా చూసి తల దించుకుంది. అవి ఏనాడూ పాడవలేదు. జ్వరం తర్వాత పేటిక వాటిని మొదటిసారి అందించినప్పుడే, భరించలేక దివాకరే తాళం వేయించాడు. అడిగితే పాడయ్యాయని చెప్పమన్నాడు. ఆ తాళం వేసిన సంగతి కూడా తనకి గుర్తుండకూడదన్నాడు. డేటా భద్రంగానే ఉంది. పాత సిస్టమ్‌తో పోయింది తాళమొక్కటే.

"మళ్ళీ మూసెయ్యమను, వకుళా. నావల్ల కాదు" అన్నాడతను వెక్కుతూ.

జుబేదా వకుళ వైపు చూసింది. వకుళ అతని పక్కన నేలమీద కూర్చుంది.

"ఈ పూటకి ఉండనీ. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే ఏడ్చాను."