ఎవరూ ఎక్కని ఆటో

అడ్డరోడ్డులో బస్సు దిగేసరికి గోపికకు రెండు ఆటోలు కనిపించాయి. ఒకదాంట్లో జనం కిక్కిరిసి ఉన్నారు. రెండోది ఖాళీ. అదృష్టమంటే నాదే అనుకుని ఖాళీదాంట్లో దర్జాగా కూర్చుంది.

డ్రైవర్ కుర్రాడు వెనక్కి తిరిగాడు. కళ్ళు బాగున్నాయి. మాట మాత్రం బాగోలేదు.

"దిగండి మేడమ్. ఆ ఆటోలో పోండి."

"ఎందుకు, ఇది నడవదా?"

"చెప్తే ఇనరా? దీన్ని ఎక్కమాకండి."

వద్దన్న పని చెయ్యడం గోపికకు పుట్టుకతో వచ్చిన జబ్బని నరసరావుపేటలో వాళ్ళమ్మ రోజూ అంటూనే ఉంటుంది. హైస్కూలు దగ్గర ఆపమని చెప్పి మొహం పక్కకు తిప్పుకుంది. అతను నిట్టూర్చి స్టార్ట్ చేశాడు. ఊళ్ళోకి వచ్చేసరికి అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. కిరాణా కొట్టు దగ్గర ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆటోలో వచ్చినందుకు ఇంత చూడాలా అనుకుంది గోపిక.

ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఎనిమిదో తరగతి పిల్లలకు నాయకత్వ శిక్షణ ఇవ్వడం ఆమె ఉద్యోగం. ప్రతి మంగళవారం క్లాసు. నాయకత్వమంటే మైకు పట్టుకోవడం కాదు, మనుషులు మనుషుల్ని మూకుమ్మడిగా ఎలా చంపగలిగారో, మధ్యలో ఎవరు ఆపగలిగేవారో తెలుసుకోవడం అని మొదలుపెట్టింది. ఆ రోజు జర్మనీ గురించి చెప్పింది. చంపడం చివర్న వచ్చిందనీ, అంతకు చాలా ముందే యూదుల దుకాణాల ముందు మనుషుల్ని నిలబెట్టి ఇక్కడ కొనొద్దని చెప్పించారనీ వివరించింది. కొనడం మానేసినవాళ్ళలో చాలామంది మామూలు మనుషులు, భయపడినవాళ్ళు.

రెండో బెంచీలోంచి పింకీ అనే పిల్ల లేచింది.

"మేడమ్, ఆటో ఎక్కొద్దని కూడా చెప్పారా?"

క్లాసులో ఎవరూ నవ్వలేదు. తర్వాత పింకీయే గొంతు తగ్గించి చెప్పింది. ఊళ్ళో సగంమందికి బ్రహ్మాజీ రాళ్ళ క్వారీలోనే కూలి. అక్కడ వేళ కాని వేళ పేల్చిన మందుగుండుకు ఇద్దరు పనివాళ్ళు పోయారు. కాలుజారి పడ్డారని బ్రహ్మాజీ చెప్పించాడు. పేల్చమన్నది ఆయనేనని పోలీసులకు చెప్పినవాడు చిన్నకోటయ్య ఒక్కడే. ఆనాటి నుంచి ఆ ఇంటితో మాట్లాడొద్దు, అమ్మొద్దు, కొనొద్దు. చిన్నకోటయ్య కొడుకు నరేంద్ర ఆటో ఎక్కొద్దు.

గోపికకు అప్పుడర్థమైంది. పొద్దున ఆ కుర్రాడు ఎక్కొద్దన్నది పొగరుతో కాదు, తన మీద జాలితో. సాయంత్రం వెళ్ళి మళ్ళీ అదే ఆటో ఎక్కింది.

ఆ తర్వాత మంగళవారాలు త్వరత్వరగా వచ్చాయి. ఒకరోజు వాన దంచికొడుతుంటే పరదా కట్టడానికి దిగి అతను నిలువునా తడిసిపోయాడు. ఆమె చున్నీ అందించింది. తల తుడుచుకోకుండా దాన్ని చేత్తో పట్టుకుని, అద్దంలో ఆమెనే చూస్తూ నడిపాడు.

"నిజం చెప్పండి, మీకు భయం లేదా?" అనడిగాడు.

"చానా ఉంది. మీరు రోడ్డు చూడట్లేదు."

అతను నవ్వగా ఆమె చూడటం అదే మొదలు. ఆ నవ్వు కోసం మంగళవారం దాకా ఆగాలంటే కష్టంగా ఉండేది.

కానీ ఊరు ఊరికే ఉంటుందా? హెడ్మాస్టరు గోపికను పిలిచి, ఇంకోసారి ఆ ఆటోలో కనిపిస్తే క్లాసులు ఉండవని బ్రహ్మాజీ కబురు పంపాడన్నాడు. బస్టాపులో ఎవడో ఆమె ఫొటో తీసి, తీసినట్టు ఆమెకు తెలిసేలా నవ్వాడు.  మరుసటి మంగళవారం అడ్డరోడ్డు నుంచి నడిచే వెళ్ళింది. నరేంద్ర ఖాళీ ఆటో ఆమె పక్కనుంచే పోయింది. అతను ఆపలేదు, పిలవలేదు, చూడలేదు. ఆమెకు ఇబ్బంది రాకూడదనే అలా పోయాడని తెలిసి ఇంకా ఏడుపొచ్చింది.

అయినా క్లాసులో నిలబడి, చేసేవాళ్ళు, పడేవాళ్ళు, చూస్తూ ఊరుకునేవాళ్ళు అని బోర్డు మీద రాసింది. మీరెక్కడున్నారో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రమ్మంది. తనెక్కడుందో ఎవరూ అడగకపోవడం ఆమె అదృష్టం.

మర్నాడు బుధవారం నరసరావుపేట కోర్టులో చిన్నకోటయ్య సాక్ష్యం ఉందని ఆ రోజే పింకీ చెప్పింది. కిందటి వాయిదాకు ఆయన బస్సులో బయలుదేరితే దారిలో ఇద్దరు దించేసి, ఈసారి ఇంత మర్యాద ఉండదని చెప్పి పంపారట. ఆ రాత్రి గోపికకు నిద్ర పట్టలేదు. బుధవారం తెల్లారగానే మొదటి బస్సెక్కి వచ్చి నరేంద్ర గుమ్మంలో నిలబడింది.

"ఇవాళ మంగళారం కాదు గదండీ," అన్నాడతను.

"కోర్టుకెళ్దామని వచ్చాను."

"కోర్టు మీ ఊళ్ళోనే గదా. నరసరావుపేట పోవడానికి నరసరావుపేట నుంచి ఇంతదూరం వచ్చారా?"

"పరాయి ఆడపిల్ల ఉన్న ఆటో మీద చెయ్యి వెయ్యడానికి వెనకాడతారు. పోనివ్వండి."

అతను వద్దన్నాడు. వద్దంటే ఏమవుతుందో అతనికీ ఈపాటికి తెలిసే ఉండాలి.

చిన్నకోటయ్యను ఎక్కించుకుని బయలుదేరారు. ఊరి చివర రోడ్డు మధ్యలో పింకీ నాయనమ్మ నాంచారమ్మ చెయ్యెత్తి నిలబడి ఉంది.

"ఒరేయ్ నరేంద్రా, ఆపు. నేనూ వస్తా."

"మీ వోడు క్వారీలో చేస్తన్నాడు గదా పెద్దమ్మా. ఎక్కమాక."

"నువ్వు చేసినదానివా, చూసినదానివా అని మా పింకి రాత్రంతా పీక్కు తింది. ముద్ద దిగలా. జరుగు అమ్మాయ్."

ఈపూరు దాటాక ఒక బైకు వెనక పడింది. ఇద్దరు, మొహాలకు తువ్వాళ్ళు.  చిన్నకోటయ్య కళ్ళు మూసుకున్నాడు. బైకు పక్కకొచ్చి, వెనకున్నవాడు ఆటో కమ్మీ పట్టుకున్నాడు. నాంచారమ్మ తల బయటపెట్టి ఆ తువ్వాలు వంక ఒక్క క్షణం చూసింది.

"ఏరా, మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నేనిచ్చిన తైలం రాస్తందా?"

వాడి చెయ్యి కమ్మీ మీదనుంచి జారింది. బైకు నెమ్మదించి వెనకబడింది. నరేంద్ర నరసరావుపేట దాకా ఎక్కడా ఆపకుండా నడిపాడు.

కోర్టు వరండాలో బ్రహ్మాజీ తెల్లచొక్కాలో కూర్చుని ఉన్నాడు. ఆయన్ని చూడగానే చిన్నకోటయ్య కాళ్ళు ఆగిపోయాయి. ఇంటికి పోదాంరా అని కొడుకుతో గొణిగాడు. బ్రహ్మాజీ లేచి, తీరిగ్గా గోపిక ముందుకొచ్చాడు. మాటలో ఎక్కడా కోపం లేదు, అందుకే ఆమెకు ఎక్కువ భయమేసింది.

"ఇది మా ఊరి వ్యవహారం అమ్మాయ్. ఈళ్ళకి నువ్వేమవుతావని వచ్చావ్?"

ఏమీ కాను అంటే వెళ్ళిపోవచ్చు. ఉద్యోగం ఉంటుంది, ఫొటోలు తీసేవాళ్ళు ఉండరు. గోపిక గోడకు చెయ్యి ఆనించింది.

"ఈయనకు కాబోయే కోడల్నండీ," అంది.

వెనక నరేంద్ర చేతిలోంచి తాళాలు కిందపడ్డాయి. బ్రహ్మాజీ ఆమెను, చిన్నకోటయ్యను మార్చి మార్చి చూసి వెళ్ళి కూర్చున్నాడు.

"నాతో ఒక్కమాట అనలేదే అమ్మాయ్," అన్నాడు చిన్నకోటయ్య. పొద్దుటి నుంచి ఆయన ఆమెతో మాట్లాడింది అదే.

"నోరు మూసుకోరా నరేంద్రా, ఈగలు పోతాయ్," అంది నాంచారమ్మ.

బంట్రోతు చిన్నకోటయ్య పేరు పిలిచాడు. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని లోపలికి నడిచాడు. కొద్దిసేపటికి ఆయన గొంతు వరండాలోకి వినిపించింది. మొదట వణికింది. తర్వాత బ్రహ్మాజీ పేరు ఇంటిపేరుతో సహా స్పష్టంగా చెప్పింది.

నరేంద్ర ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"మీరన్నది నిజమేనా, భయంలో అన్నారా?"

"భయంలోనే అన్నా. భయంలో అబద్ధం ఆడటం నాకు చేతకాదు," అంది గోపిక. "కాస్త పట్టుకోండి, పడిపోయేట్టున్నా."

అతను పట్టుకున్నాడు.